తొర్రలో పైడి, దారిలో ఇప్పసారా గుంతలు

అనగనగా ఒక అడవిలో, ఎండలు ముదిరితే నేల కనిపించనంతగా ఇప్పపూలు రాలే ఒక కొండవాలులో, పైడి, దాలయ్య అనే రెండు కొమ్ముపిట్టలు కాపురం ఉండేవి.

కొమ్ముపిట్ట అంటే ఎలా ఉంటుందో చెబుతాను, వినండి పిల్లలూ. పసుపుపచ్చని పొడవాటి ముక్కు. ఆ ముక్కు మీద దోనె బోర్లించినట్టు ఒక కొమ్ము. అది ఎగురుతుంటే రెక్కల చప్పుడు గాలివాన వస్తున్నట్టు వినిపిస్తుంది.

ఆ పిట్టల్లో ఒక కట్టుబాటు ఉంది. గుడ్లు పెట్టే రోజులు రాగానే ఆడపిట్ట చెట్టుతొర్రలోకి వెళ్లి కూర్చుంటుంది. పాములూ పిల్లులూ రాకుండా తొర్ర మూతిని మట్టితో మెత్తేసుకుంటుంది. ముక్కు పట్టేంత సన్నని చీలిక మాత్రం వదులుతుంది. లోపల కూర్చున్నాక దాని రెక్కల ఈకలు రాలిపోతాయి. కొత్త ఈకలు వచ్చి, పిల్లలు కాస్త పెద్దయ్యేదాకా అది బయటికి రాలేదు, ఎగరలేదు. అన్నాళ్లూ మగపిట్టే పండ్లు తెచ్చి ఆ చీలికలోంచి నోటికి అందించాలి. లోపలున్న ఆమె ప్రాణం బయట తిరిగే అతని మీదే ఆధారపడి ఉంటుంది.

అతను రాడేమోనన్న భయం పైడికి ఏనాడూ లేదు. ఎందుకంటే దాలయ్య అలాంటివాడు. పొద్దున్నే వెళ్లేవాడు. వాగు పక్కన ఉన్న మేడిచెట్టు మీద వాలి, బాగా పండిన పండ్లు ఏరి, గొంతునిండా నింపుకుని వచ్చేవాడు. చీలిక దగ్గర వాలి, "పైడీ, వచ్చాను" అనేవాడు.

పండు అందుకోకముందే పైడి అడిగేది. "ఇవాళ ఏం చూశావు మావా?"

దాలయ్య అన్నీ చెప్పేవాడు. వాగులో నీళ్లు ఎంత తగ్గాయో, దుప్పి పిల్ల ఎలా జారిపడిందో, మోదుగచెట్లు ఎంత ఎర్రగా పూశాయో. చీకటి తొర్రలో కూర్చున్న పైడికి అడవంతా కళ్లకు కట్టేది. పండ్ల కన్నా ఆ కబుర్ల కోసమే ఆమె ఎక్కువగా ఎదురుచూసేది.

ఆ అడవిలో కోటప్ప అనే నక్క ఒకటి ఉండేది. రాలిన ఇప్పపూలు రాతిగుంతల్లో వేసి, నీళ్లు పోసి, కొన్నాళ్లు మగ్గబెట్టేది. అవి పులిసి, ఘాటైన ఇప్పసారా అయ్యేవి. మొదట్లో కోటప్పకి కొండ వెనక ఒకటే గుంత ఉండేది. తరవాత వాగు దారిలో ఒకటి పెట్టింది. తరవాత మేడిచెట్టు కింద ఒకటి. ఆ తరవాత ఎటు తిరిగినా గుంతే. కోతుల్ని పిలిచి పండ్లు పెట్టి, "రండి రండి, మొదటి గుక్క ఊరికే!" అని కొమ్మల మీద పాడించేది. రెండో గుక్క నుంచి మాత్రం పండ్లు తీసుకునేది.

అడవికి పెద్ద గౌరమ్మ అనే ఏనుగు. ఎండాకాలంలో ఏనుగుల మందకి మేత దొరకదు కదా. కోటప్ప తనకి వచ్చిన పండ్లలో కొన్ని కుప్పపోసి గౌరమ్మ మందకి పంపేది. మంద తినేది. గుంతల సంగతి గౌరమ్మ అడిగేది కాదు.

ఒకరోజు దాలయ్య మేడిచెట్టు మీద పండ్లు ఏరుతుంటే కింద నుంచి బంగారప్ప పిలిచాడు. బంగారప్ప ఒక ఎలుగుబంటి. నవ్వుతూ నవ్విస్తూ ఉండేవాడు. అడవిలోని పిల్లలందర్నీ వీపు మీద ఎక్కించుకుని తిప్పేవాడు.

"దాలయ్యా, ఎండలో తెగ తిరుగుతున్నావు. ఒక గుక్క వేసి పో."

ఒక్క గుక్కే కదా అనుకున్నాడు దాలయ్య. తాగాడు. ఒళ్లు తేలికయింది. ఆ రోజు పైడికి ఇంకా ఎక్కువ కబుర్లు చెప్పాడు. పైడి నవ్వింది. అతని నోటి దగ్గర కొత్త వాసన వచ్చింది కానీ ఆమె ఏమీ అడగలేదు.

మర్నాడు రెండో గుక్కకి ఒక పండు ఇచ్చాడు. ఆ తరవాత ఇంకో పండు. రానురాను పైడికి తెచ్చే పండ్లు తగ్గాయి.

"ఏం మావా, మేడిచెట్టు ఖాళీ అయిపోయిందా?" అని అడిగింది పైడి.

"అవును, కోతులు తినేస్తున్నాయి" అన్నాడు దాలయ్య.

ఇంకో రోజు పొద్దు వాలాక వచ్చాడు. కబుర్లు చెప్పలేదు. పండు అందించబోయి కింద పడేశాడు.

"తాగుతున్నావా మావా?" అంది పైడి.

"రేపటి నుంచి తాగను. గుడ్ల మీద ఒట్టు" అన్నాడు.

అతను అబద్ధం చెప్పాలని చెప్పలేదు, పిల్లలూ. ఆ మాట అన్నప్పుడు నిజంగానే మానేయాలనుకున్నాడు. కానీ మర్నాడు మేడిచెట్టుకి వెళ్లేసరికి కింద గుంత. వాగుకి వెళ్తే అక్కడా గుంత. దారంతా కోతుల పాట. పండ్లన్నీ గుంత దగ్గరే అయిపోయాయి. ఖాళీ నోటితో పైడికి ముఖం చూపించలేక ఆ రోజు ఇంటికే రాలేదు. ఆ తరవాతి రోజులూ అంతే.

పైడి చీలికకి కన్ను ఆనించి కూర్చుంది. రెక్కల చప్పుడు వినిపిస్తే చాలు, గుండె ఎగిరేది. అది వేరే పిట్టదని తెలిశాక మళ్లీ కిందకి జారేది. ఆకలి ఒకవైపు. దాలయ్య గొంతు వినాలన్న ఆశ ఇంకోవైపు. రెండిట్లో ఏది ఎక్కువ బాధపెడుతోందో ఆమెకే తెలియలేదు. అలా ఉండగానే ఒక గుడ్డు పగిలి పిల్ల బయటికి వచ్చింది. రెండో గుడ్డు చల్లబడిపోయింది. ఒంట్లో ఓపిక లేని తల్లి రెండిటికీ వెచ్చదనం ఇవ్వలేకపోయింది.

పైడి ఆ చల్లని గుడ్డుని ముక్కుతో దగ్గరికి లాక్కుని అలాగే పొదిగింది. అది ఇక పగలదని తెలిసినా పొదిగింది.

మర్నాడు పొద్దున్న గౌరమ్మ ఆ చెట్టుకి వీపు రుద్దుకోవడానికి వచ్చింది. చెట్టు లోపలి నుంచి సన్నని గొంతు వినిపించింది.

"అత్తా, గౌరమ్మత్తా! మా ఆయన ఇంటికి రావడం లేదు. ఆకలికి ఒక బిడ్డ పోయింది. ఇంకో బిడ్డ కూడా పోతుంది. ఏదైనా చెయ్యి అత్తా!"

గౌరమ్మ మనసు కలుక్కుమంది. చెట్లెక్కే ముసలి ఉడుతని పిలిచి, "పిన్నీ, నేను పండ్లు తెప్పిస్తాను. నువ్వు రోజూ ఆ తొర్రకి అందించు" అని చెప్పింది. ఆ తరవాత కోపంగా బయలుదేరింది.

"తాగేవాళ్లకి బుద్ధి లేకపోతే నేను చెబుతాను" అనుకుంది.

గుంతల దగ్గర తూలుతున్న వాళ్లందర్నీ ఘీంకరిస్తూ తరిమింది. దాలయ్యని అందరి ముందూ నిలబెట్టి తిట్టింది. "నీలాంటి వాడు ఈ అడవిలో ఉండొద్దు, పో!" అంది.

దాలయ్య సిగ్గుతో తల దించుకుని కొండ దాటి ఎగిరిపోయాడు. ఇంకా వస్తాడేమో అనుకున్న పైడికి ఇప్పుడు ఆ ఆశ కూడా పోయింది. మిగిలిన తాగుబోతులు ఏనుగు అటు వెళ్లగానే ఇటు వచ్చి మళ్లీ తాగారు. కోటప్ప చిరునవ్వు నవ్వుతూ అందరికీ పోసింది.

గౌరమ్మకి ఇంకా కోపం వచ్చింది. మందని తీసుకుని వచ్చి గుంతలన్నీ కాళ్లతో తొక్కించింది. రాళ్లతో పూడ్పించింది. "ఇక ఈ అడవిలో చుక్క కూడా ఉండదు" అంది.

రెండు రోజులు అడవి ప్రశాంతంగా ఉంది. తాగుడుకి అలవాటు పడినవాళ్లకి మాత్రం చేతులు వణికాయి, నిద్ర పట్టలేదు. వాళ్లని పలకరించినవాళ్లు లేరు. కోటప్ప ముళ్లపొదల లోపల ఎవరికీ కనిపించకుండా కొత్త గుంత తవ్వింది. ఇప్పపూలు పులిసేదాకా ఆగే తీరిక లేదు. మత్తు తొందరగా ఎక్కాలని ఉమ్మెత్తగింజలు నూరి కలిపింది. ఉమ్మెత్త విషం, పిల్లలూ. దాన్ని ముట్టుకోకూడదు.

బంగారప్ప ఆ గుంతలో తాగాడు. పొద వెలుపలికి వచ్చేసరికి కళ్లు కనిపించలేదు. "ఎర్రమ్మా, ఎర్రమ్మా" అని పెళ్లాన్ని పిలుస్తూ నడిచాడు. ఇంటి దారి తప్పి వాగు ఒడ్డున పడి ప్రాణం వదిలాడు. అతని వీపెక్కి ఆడుకున్న దుప్పి పిల్లలు, కుందేలు పిల్లలు చుట్టూ చేరి, "మామా, లే మామా" అని పిలిచాయి.

గౌరమ్మ వచ్చి చూసింది. ఎర్రమ్మ ఏడవడం లేదు. పెనిమిటి ముఖం మీద వాలిన ఈగల్ని తోలుతోంది.

"ముందు తరిమావు. తరవాత పూడ్చావు. ఈయన చేతులు వణుకుతుంటే పక్కన ఎవరైనా కూర్చుని ఉంటే ఆ పొదలోకి పోయేవాడు కాదమ్మా" అంది ఎర్రమ్మ.

గౌరమ్మ తల వంచుకుంది. ఆ రోజు మేత ముట్టలేదు. మర్నాడు అడవిలో అందర్నీ పైడి ఉన్న చెట్టు కిందకి రమ్మంది. తొర్రలో ఉన్న ఆమె సభకి వచ్చే వీలు లేదు కాబట్టి, సభే ఆమె దగ్గరికి వచ్చింది.

మొదట కోటప్ప లేచి నిలబడింది.

"నేనెవరి నోట్లోనూ బలవంతంగా పోయలేదు. ఎవరి ఇష్టం వాళ్లది. పైగా నా గుంతల వల్ల అడవికి మేలే జరుగుతోంది. ఎండాకాలంలో గౌరమ్మగారి మంద కడుపు నిండుతోంది ఎవరి వల్ల? గుంతలు లేకపోతే ఆ పండ్లూ ఉండవు. ఆలోచించుకోండి."

ఏనుగులు ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి.

"పైడీ, నువ్వు చెప్పు" అంది గౌరమ్మ.

చీలికలోంచి పసుపుపచ్చని ముక్కు కొంచెం బయటికి వచ్చింది.

"అత్తా, నాకు కనిపించేది ఈ సన్నని సందులోంచి ఎంత కనిపిస్తే అంతే. అందులోనే మూడు గుంతలు కనిపించేవి. చివరి రోజుల్లో మా ఆయన ఒక గుంత దాటుకుని వచ్చేవాడు. రెండోది కూడా దాటేవాడు. మూడోదాని దగ్గర ఆగిపోయేవాడు. అక్కడ ఆ మూడోది లేకపోయి ఉంటే ఇంటికి వచ్చేవాడు కదా అని రోజూ అనుకునేదాన్ని. ఆయన తప్పు లేదని నేను అనను. కానీ వాగుకి పోయే దారిలో, పండ్లచెట్టు కింద, పిల్లలు ఆడుకునే చోట గుంతలు ఎందుకు ఉండాలి? మీ మందకి వచ్చే కుప్పలో మేడిపండ్లు ఉండేవి కదా అత్తా? అవి నా నోటికి రావలసినవి."

గౌరమ్మ కళ్లలోంచి నీళ్లు కారాయి. ఇన్నాళ్లూ తన మంద తిన్నది ఎవరి తిండో ఆమెకి అప్పుడు అర్థమైంది.

కోటప్ప మెల్లగా గౌరమ్మ చెవి దగ్గరికి వచ్చింది. "ఈ ఏడు కుప్ప రెట్టింపు పంపిస్తాను. వాగు దారి గుంత ఒక్కటి మళ్లీ పెట్టుకోనివ్వండి, చాలు" అంది.

గౌరమ్మ తన మంద వైపు చూసింది. మందలో చిన్న చిన్న గున్నలున్నాయి. కుప్పలు ఆగిపోతే వాటికి ఆకలి తప్పదు. అయినా తొండం ఎత్తి అందరికీ వినిపించేలా చెప్పింది.

"ఈ రోజు నుంచి మా మంద నక్క పంపే ఒక్క పండు కూడా ముట్టదు. దూరమైనా సరే, పక్క లోయకి నడిచి మేత వెతుక్కుంటాం. ఇప్పుడు నా మాట వినండి. ఇప్పచెట్లు ఉన్నంతకాలం ఇప్పసారా ఉంటుంది. మొత్తం పూడ్చి చూశాను, అది పొదల్లోకి పోయి విషమైంది. అందుకని కొండ వెనక ఒకే ఒక గుంత ఉంటుంది. వాగు దగ్గర, చెట్ల కింద, పిల్లల దారిలో ఉండదు. పొద్దు వాలకముందే దాన్ని మూసేయాలి. ఊరికే పోసే గుక్కలు లేవు, కోతుల పాటలు లేవు. తాగేవాడు ఇప్పటిదాకా ఇచ్చే పండ్లకి రెట్టింపు ఇవ్వాలి. ఆ పండ్లు మా మందకి కాదు, పెనిమిటి ఇంటికి రాక పస్తులున్న తల్లులకి పోతాయి. పిల్లలకి పొయ్యకూడదు. తూలుతున్నవాడికి పొయ్యకూడదు. గుంత దగ్గర కూర్చునేది నక్క కాదు. ఎంత తక్కువ అమ్ముడుపోతే అంత సంతోషించేవాడు కూర్చోవాలి."

"అయితే నేను కూర్చుంటాను" అన్నాడు ముళ్లపంది పోలయ్య. "నన్నెవరు తోసుకుని వస్తారో చూస్తాను."

అంత దుఃఖంలోనూ అందరూ కొంచెం నవ్వారు.

"మరి మానేయాలనుకునేవాళ్లో?" అని అడిగింది ఒక దుప్పి.

అప్పుడు ఎర్రమ్మ లేచింది. "వాగు పక్కన మా గుహ ఉంది. చల్లగా ఉంటుంది. చేతులు వణికేవాళ్లు ఎవరైనా రావొచ్చు. తేనె కలిపిన నీళ్లు ఇస్తాను. పక్కన కూర్చుంటాను. ఎవర్నీ తిట్టను" అంది.

కోటప్ప కొన్నాళ్లు అలిగింది. పొదల్లో గుంత పెట్టబోయి రెండుసార్లు దొరికిపోయింది. కొండ వెనక విషం లేని గుంత ఒకటి ఉండగా విషపు గుంత కోసం ఎవరూ రాకపోవడంతో, చివరికి వేరే అడవి చూసుకుంది.

సభ అయిన మర్నాడే గౌరమ్మ కొండ దాటి వెళ్లింది. ఈసారి ఘీంకరించలేదు. దాలయ్య ఒక ఎండుకొమ్మ మీద కూర్చుని ఉన్నాడు. ఈకలు చెదిరిపోయి గుర్తుపట్టలేనట్టు ఉన్నాడు.

"దాలయ్యా, నిన్ను తరమడం నా తప్పు. నాయనా, ఇంటికి రా" అంది గౌరమ్మ.

"ఏ ముఖం పెట్టుకుని రానమ్మా?" అన్నాడు. "పైడి... ఉందా?"

"ఉంది. ఒక బిడ్డ కూడా ఉంది. ఒకటి లేదు."

దాలయ్య ఎగరబోయాడు. వణుకుతున్న రెక్కలు లేవలేదు. గౌరమ్మ అతన్ని తన వీపు మీద ఎక్కించుకుని ఎర్రమ్మ గుహకి తీసుకువెళ్లింది.

ఆ రోజులు చాలా కష్టంగా గడిచాయి. ఒళ్లంతా వణికింది. లేనివి ఉన్నట్టు కనిపించాయి. "ఒక్క గుక్క, ఒక్కటే" అని బతిమాలాడు. ఎర్రమ్మ పక్కనే కూర్చుంది. "ఇది తగ్గుతుంది బాబూ, కాస్త ఓర్చుకో" అంది. అతను పడుకుంటే ఆకుతో విసిరింది. లేస్తే తేనెనీళ్లు ఇచ్చింది. మెల్లమెల్లగా వణుకు తగ్గింది.

ఒక పొద్దున్న తొర్ర దగ్గర రెక్కల చప్పుడు అయింది. పైడి గుండె ఎగిరింది. మళ్లీ మోసపోకూడదని తనని తాను పట్టుకుంది. చీలికలోంచి ఒక మేడిపండు లోపలికి వచ్చింది. ఆ పండు వెనక ఒక ముక్కు.

పైడి పండు అందుకోలేదు.

"నువ్వు రాకపోతే చచ్చిపోతానని నాకు భయం వెయ్యలేదు మావా," అంది. "నీ గొంతు వినకుండా చచ్చిపోతానేమో అని భయం వేసింది."

దాలయ్య ఏడ్చాడు. "క్షమించు" అనలేదు. ఆ మాట సరిపోదని అతనికి తెలుసు. పండుని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి పైడి ఆ పండు తీసుకుని బిడ్డ నోట్లో పెట్టింది.

అది మొదలు అతను రోజూ వచ్చాడు. వాగు దారిలో గుంత లేదు. మేడిచెట్టు కింద గుంత లేదు. కోతులు ఇప్పుడు ఊరికే అరుచుకుంటున్నాయి. ముసలి ఉడుత మాత్రం కొన్నాళ్లదాకా ఎందుకైనా మంచిదని ఒకటి రెండు పండ్లు తెచ్చిపెడుతూనే ఉండేది. పక్క లోయలో మేత తక్కువై ఏనుగు గున్నలు ఆ ఏడు కొంచెం చిక్కిపోయాయి. అయినా గౌరమ్మ తన మాట తప్పలేదు.

కొత్త ఈకలు వచ్చాక పైడి మట్టిగోడ పగలగొట్టి బయటికి వచ్చింది. అన్నాళ్ల తరవాత ఎండ తగిలేసరికి కళ్లు చికిలించింది. దాలయ్య పక్కన వాలింది కానీ మునుపటిలా ఆనుకుని కూర్చోలేదు. ఇద్దరి మధ్యా కొంచెం ఖాళీ ఉంది. రెండో బిడ్డ ఉంటే ఆ ఖాళీలోనే కూర్చునేది.

చిన్నపిట్ట ఎగరడం నేర్చుకుంటూ కింది కొమ్మ నుంచి పై కొమ్మకి దూకుతోంది. గాలి కొండ వెనక నుంచి వీచింది. అందులో ఇప్పసారా వాసన సన్నగా కలిసి వచ్చింది. దాలయ్య ఒక్కసారి అటు తిరిగాడు. పైడి అది గమనించింది.

"తాగాలనిపిస్తోందా మావా?"

అతను అబద్ధం చెప్పలేదు. "అనిపిస్తోంది. రోజూ అనిపిస్తుంది."

"అనిపించినప్పుడు నాకు చెప్పు," అంది పైడి. "నాకూ రోజూ ఒకటి అనిపిస్తుంది. ఆ బిడ్డ ఉంటే ఈపాటికి ఎగిరేది కదా అని. అప్పుడు నేనూ నీకు చెబుతాను."

దాలయ్య తలూపాడు. పై కొమ్మ అందక జారబోతున్న చిన్నపిట్టకి ఇద్దరూ ఒకేసారి రెక్క అడ్డం పెట్టారు.

నీతి: తాగినవాణ్ణి తరిమినా, సారాని పొదల్లోకి నెట్టినా తాగుడు వల్ల వచ్చే కీడు పోదు. దారిలో అది దొరక్కుండా చేసి, దాని మీద వచ్చే లాభం పెద్దలు వదులుకుని, మానాలనుకునేవాడి పక్కన కూర్చుంటేనే ఇంటికి రావలసినవాళ్లు ఇంటికి చేరతారు.